గురకకు పరీక్ష: ఇంట్లోనా, ల్యాబ్‌లోనా?

మా బాబాయి గురక పెడితే పక్క వాటాలో పడుకున్న మాకు వినపడుతుంది. నాది అలా కాదు. సన్నగా ఈల వేసినట్టు, మధ్యమధ్యలో పొలమారినట్టు ఉంటుందట. ఆయన మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు, నేనేమో బక్కపలచగా ఉంటాను. ఇద్దరికీ డాక్టరు గారు రాసింది ఒకటే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉందో లేదో చూసేందుకు ఇంట్లో చేసుకునే నిద్ర పరీక్ష. ఆయన సంగతి ఒక్క రాత్రిలో తేలిపోయింది. నా సంగతి తేలకపోగా ఆరు నెలలు వృథా అయింది. అందుకే ఏది మేలని ఎవరైనా అడిగితే, ఎవరికండీ అని ఎదురు అడుగుతున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. గురకంటే ఇక్కడ జబ్బు కింద లెక్క కాదు. ‘ఒళ్ళు అలిసి పడుకుంటే గురక రాదేంట్రా’ అనేవాడు బాబాయి. పిన్ని మాత్రం వేరేగా చెప్పేది. ‘ఆగిపోద్దిరా. పదిహేను లెక్కపెడతాను, ఇరవై లెక్కపెడతాను, అప్పుడు గుర్రుమని ఊపిరి తీస్తారు. నాకింక నిద్దరెక్కడిది?’ చివరికి ఓ మధ్యాహ్నం కాలవ గట్టు మీద బండి నడుపుతూనే ఆయన కునుకు తీశాడు. ముందు చక్రం తుమ్మచెట్టుకు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాతే ఆస్పత్రికి వచ్చాడు.

పిన్ని లెక్కపెట్టినదాన్నే యంత్రం కూడా లెక్కపెడుతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుంటుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా ఒకటి కింద లెక్క. గంటకు 5 లోపు ఉంటే మామూలే. 5 నుంచి 15 వరకూ తక్కువ స్థాయి, 15 నుంచి 30 వరకూ మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఇంటికిచ్చే కిట్టు సబ్బుపెట్టెంత ఉంది. ఛాతీకి ఓ బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, అంతే. గోళ్ళరంగు ఉంటే తుడిచేయమన్నారు. బాబాయి తన మంచం మీద, తన దిండు మీద పడుకున్నాడు. పొద్దున్నే పెట్టె తిరిగి ఇచ్చేశాం. రిపోర్టులో 38 వచ్చింది. ఆయనలాంటి వాళ్ళకి, అంటే లావుపాటి మెడ, బీపీ, పగటి నిద్ర, ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్ళు కళ్ళారా చూడటం, ఇవన్నీ ఉన్నవాళ్ళకి ఇంటి పరీక్షే మేలు. ఖర్చు తక్కువ, ఊరు దాటే పని లేదు.

ఇక నా కథ. కిట్టు పెట్టుకున్న రాత్రే కరెంటు పోయింది. పెట్టె బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికేం కాలేదు, నాకే ఫ్యాను లేదు. దోమలు కొట్టుకుంటూ రెండు గంటలు మెలకువగానే ఉన్నాను. పెట్టెకి ఆ సంగతి తెలియదు. మెదడు తీరు చూసే తీగలు తలకి ఉండవు కనుక నేను నిద్రపోయానో లేదో దానికి అంతుపట్టదు, పెట్టుకున్న 7 గంటలూ నిద్రే అనుకుంటుంది. 30 సార్లు ఊపిరి ఆగితే, ఏడుతో భాగించి 4.3 అని వేసింది. రిపోర్టు నార్మల్! నేను నిజంగా పడుకున్న ఐదు గంటలతో భాగిస్తే 6. ఇంకో తిరకాసు కూడా ఉంది. సన్నటివాళ్ళలో ఆక్సిజన్ పెద్దగా పడిపోకుండానే మెదడు ఉలిక్కిపడి లేస్తుంది. అది ల్యాబ్‌లో తలకి అతికించే తీగలకే తెలుస్తుంది.

నన్ను మళ్ళీ కదిలించింది పళ్ళ డాక్టరు గారు. అరిగిన పళ్ళు చూసి, గెడ్డం పక్కనుంచి చూసి, ‘మీ కింది దవడ బాగా వెనక్కుందండీ, రాత్రిళ్ళు ఊపిరి ఎలా ఉంటుంది?’ అన్నారు. పాతికేళ్ళుగా దాన్ని గడ్డంతో కప్పేసుకున్నాను మరి. దవడ చిన్నదైతే నాలుకకి చోటు చాలదు, లావు లేకపోయినా దారి మూసుకుపోతుంది. ఎక్స్‌రేలో దారి ఇరుకని కనపడుతుంది గానీ, నిద్రలో ఊపిరి ఆగుతోందో లేదో దాన్ని చూసి చెప్పలేమని ఆయనే చెప్పి ల్యాబ్‌కు పంపారు.

కాకినాడలో ఓ రాత్రి. తలకీ, కళ్ళ పక్కనా, గెడ్డానికీ, కాళ్ళకీ జిగురుతో తీగలు అతికించారు. పక్క గదిలో టెక్నీషియన్, పైన కెమెరా. బాత్రూముకి వెళ్ళాలంటే పిలవాలి. ఆ పరుపు మీద నిద్ర సరిగా పట్టిందని చెప్పను. అయినా 14 వచ్చింది, అందులో ఎక్కువ భాగం వెల్లకిలా పడుకుని కలలు కనే నిద్రలో. ల్యాబ్‌లో ఇంకో సదుపాయం, మొదటి సగంలోనే తీవ్రంగా ఉందని తేలితే రెండో సగంలో సీపాప్ మెషిన్, అంటే మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే యంత్రం, పెట్టి ఎంత ఒత్తిడి సరిపోతుందో చూసేస్తారు.

కాబట్టి ఇంటి పరీక్ష జబ్బు ‘ఉంది’ అంటే నమ్మండి. ‘లేదు’ అంటే, లక్షణాలు అలాగే ఉంటే, నమ్మకండి, ల్యాబ్‌కు వెళ్ళండి. గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం, కండరాల బలహీనత ఉన్నవాళ్ళూ, మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడేవాళ్ళూ నేరుగా ల్యాబ్‌కే. చిన్నపిల్లలూ అంతే. ఫోన్ యాప్‌లు, చేతి వాచీలు పరీక్ష కిందకి రావు. అయితే ఫోన్లో రికార్డు చేసిన గురక డాక్టరుకి వినిపిస్తే పనికొస్తుంది.

బాబాయికి సీపాప్ ఇచ్చారు. తుఫాను రోజుల్లో కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక, ఆ మెషిన్‌ని రాత్రంతా లాగగలదో లేదో ఇన్వర్టర్ వాడిని అడిగి మరీ కొన్నాం. నాకు కింది దవడని ముందుకు లాగి పట్టుకునే పళ్ళ క్లిప్పు చేశారు. అది గట్టి పళ్ళున్నవాళ్ళకే, సగం పళ్ళు ఊడిన బాబాయికి కుదరదు. పొద్దున్నే కాసేపు దవడ నొప్పి పెడుతుంది, ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ కాటు కొద్దిగా మారొచ్చని ముందే చెప్పారు. అది పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. కిట్టు కావాలా అని అడిగారు, నేను కాకినాడకే రాసిమ్మన్నాను.