క్రికెట్ కార్డులు: విడిగా అమ్మాలా, కట్టగట్టి అమ్మాలా?

మా కావలి ఇంట్లో చెప్పుల డబ్బా నిండా క్రికెట్ అటాక్స్ అనే, ఆటగాళ్ల బొమ్మలుండే కార్డులే. ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కోదానికి 20, 30 రూపాయలకు మించి అడగరు.

ఖర్చు: విడిగా అయితే పోస్టేజీయే మింగేస్తుంది. 2025 అక్టోబరు నుంచి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్ట్ ఊరు దాటితే 47 రూపాయలు, పైన జీఎస్టీ. 20 రూపాయల కార్డుకు ఎక్కడ గిట్టుతుంది? కట్టకైతే ఒకటే పార్సిల్.

శ్రమ: విడిగా ప్రతి కార్డుకూ రెండు వైపులా ఫొటో, మూలలు నలిగాయా అని ప్రశ్నలు. కట్టకు నాలుగు ఫొటోలు చాలు.

రిస్క్: కట్టలో మంచి కార్డు కలిసిపోతుంది. మెరిసే ధోనీ కార్డొకటి అలాగే చూసుకోకుండా ఇచ్చేశాను, ఇప్పటికీ బాధే.

మెరిసేవి విడిగా, మామూలువి కట్టగా. కొనేవాళ్లు నెల్లూరు, ఒంగోలులోనే దొరికి చేతికిచ్చే వీలుంటే మాత్రం మామూలువి విడిగా అమ్మినా గిట్టుబాటే.