డబ్ వినడానికి కింగ్‌స్టన్ వెళ్తే: ఏ చోటికి ఎంత సమయం ఇవ్వాలి

జమైకా అనగానే మనవాళ్లు మాంటెగో బే, నెగ్రిల్ బీచ్‌లకే టికెట్లు తీస్తారు. డబ్ సంగీతం కోసం వెళ్లేవాళ్లకి ఆ తీరంతో పని లేదు. నేరుగా రాజధాని కింగ్‌స్టన్‌లోనే దిగాలి. 2015లో యునెస్కో ఈ ఊరిని సంగీత నగరంగా గుర్తించింది. అయితే టూరిస్టులకి చూపించేదంతా ఎక్కువగా జమైకా రెగే సంగీతాన్ని ప్రపంచానికి వినిపించిన గాయకుడు బాబ్ మార్లీ చుట్టూనే తిరుగుతుంది. డబ్ జాడలు మనమే వెతుక్కోవాలి. నాకు డబ్ అంటే ఏళ్లుగా ప్రాణం. నాతో వచ్చిన మా తమ్ముడు సినిమా పాటలు తప్ప ఇంకేమీ వినడు. కొత్తవాళ్లకి ఏ చోటు నిజంగా పనికొస్తుందో వాడి మొహం చూస్తూ తెలుసుకున్నాను.

అసలు డబ్ అంటే ఏమిటో ముందు చెప్తాను. అప్పటికే రికార్డు చేసిన రెగే పాటను ఇంజనీరు మిక్సింగ్ బల్ల మీద విప్పి, మళ్లీ కొత్తగా కడతాడు. గొంతు చాలావరకు తీసేస్తాడు. డ్రమ్స్, బేస్ ముందుకొస్తాయి. గిటార్ ఒక్క దెబ్బ వినిపించి ఎకోలో కలిసిపోతుంది. మన కచేరీలో తని ఆవర్తనం మొదలైతే గాయకుడు ఆగి మృదంగానికి దారి ఇచ్చినట్టే, ఇక్కడ లయే పాట అవుతుంది. వాయించేది మాత్రం ఇంజనీరు, ఆయన వాయిద్యం మిక్సర్.

మొదట ఆరెంజ్ స్ట్రీట్‌కి వెళ్లండి. డౌన్‌టౌన్‌లో ఉంటుంది. ఒకప్పుడు రికార్డు షాపులు, నిర్మాతల ఆఫీసులు వరసగా ఉన్న వీధి ఇది, అందుకే బీట్ స్ట్రీట్ అని కూడా అంటారు. ఇప్పుడు చాలా షట్టర్లు మూసే ఉంటాయి. 135వ నంబరులోని రాకర్స్ ఇంటర్నేషనల్ ఇంకా నడుస్తోంది. మెలోడికా అనే చిన్న వాయిద్యాన్ని రెగేలోకి, డబ్‌లోకి తెచ్చిన అగస్టస్ పాబ్లో పెట్టిన షాపు ఇది. ఆయన 1999లో చనిపోయారు.

కొత్త శ్రోతకి ఇంతకంటే మంచి బడి లేదు. ఎందుకో చెప్తాను. "నాకు డబ్ తెలియదు, ఒకే పాట రెండు వైపులూ వినిపిస్తారా?" అని తమ్ముడు అడిగాడు. కౌంటర్ వెనకాయన ఏడంగుళాల రికార్డు ఒకటి తీసి, మధ్యలోని పెద్ద రంధ్రంలో ప్లాస్టిక్ బిళ్ల పెట్టి, టర్న్‌టేబుల్ మీద వేశారు. మొదటి వైపు మామూలు ప్రేమపాట. దాన్ని పూర్తిగా వినిపించి తిప్పారు. రెండో వైపు లేబుల్ మీద 'వెర్షన్' అని మాత్రమే ఉంది. అదే డ్రమ్ రోల్‌తో మొదలైంది. గాయకుడు సగం లైను పాడాడో లేదో గొంతు తెగిపోయింది, చివరి మాట మూడు నాలుగు సార్లు మోగి సన్నగిల్లింది. ఆ తర్వాత చాలాసేపు బేస్ ఒక్కటే. ఉన్నట్టుండి ఆర్గన్ వాయిద్యం ఒక్క క్షణం వచ్చి మాయమైంది. "అక్కా, రికార్డు గీతలు పడి పాడైందేమో" అన్నాడు తమ్ముడు. రెండోసారి వేయించాను. ఈసారి మొదటి వైపు పాటను వాడే కూనిరాగం తీస్తున్నాడు, తీసేసిన గొంతు ఎక్కడ రావాలో అక్కడే. డబ్ వాడికి అక్కడ పట్టుబడింది. యూట్యూబ్‌లో విడిగా డబ్ ట్రాక్ వినిపిస్తే ఇది జరగదు, అసలు పాట ముందు చెవిలో ఉండాలి.

షాపులో నగదు పెట్టుకోండి, ధర ముందే అడగండి, ఎంతసేపు వింటారో అంతకు తగ్గట్టు ఒకటో రెండో కొనండి. సాయంత్రం కాకముందే డౌన్‌టౌన్ నుంచి బయటపడటం మంచిది. దగ్గర్లోని నార్త్ పరేడ్‌లో రాండీస్ స్టూడియో ఉన్న మేడ బయటి నుంచి చూడొచ్చు. దాని యజమానులు చిన్ కుటుంబం తర్వాత న్యూయార్క్ వెళ్లి వీపీ రికార్డ్స్ పెట్టారు. చూడటానికి ఐదు నిమిషాలు చాలు. బాండ్ స్ట్రీట్‌లో ట్రెజర్ ఐల్ స్టూడియో ఉన్న చోటు కూడా అంతే. కథ మాత్రం తెలుసుకుని వెళ్లాలి. 1968 ప్రాంతంలో స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ (పెద్ద స్పీకర్లతో డ్యాన్సుల్లో రికార్డులు వేసే బృందం) నడిపే రడ్డీ రెడ్‌వుడ్ కోసం పారాగన్స్ అనే గాయక బృందం పాట ఒకటి రికార్డు ప్లేటు మీదకి ఎక్కిస్తూ, ఇంజనీరు గొంతు కలపడం మర్చిపోయాడని చెప్తారు. ఆ ప్లేటును రెడ్‌వుడ్ తన డ్యాన్స్‌లో అలాగే వేశాడు, జనమే పాట అందుకున్నారు. రికార్డుల వెనకవైపు వెర్షన్ వేయడం అక్కడి నుంచి ఊపందుకుంది.

ఆ వెర్షన్‌ని డబ్‌గా మార్చింది కింగ్ టబ్బీ, అసలు పేరు ఆస్బోర్న్ రడ్డాక్. రేడియోలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే మనిషి. సొంత సౌండ్ సిస్టమ్ నడిపేవాడు. డైనమిక్ స్టూడియో అమ్మేసిన నాలుగు ట్రాకుల ఎంసీఐ కంపెనీ మిక్సింగ్ బల్ల కొని, వాటర్‌హౌస్ పేటలో డ్రామిలీ అవెన్యూలోని తన ఇంట్లోనే బిగించుకున్నాడు. ఆ బల్లలో ఒక పెద్ద నాబ్ ఉండేది. దాన్ని తిప్పితే కింది స్వరాలు మెట్టుమెట్టుగా కోసుకుపోయి డ్రమ్స్ పలచబడి ఈల వేస్తాయి. ఆ శబ్దం వినగానే అభిమానులు టబ్బీ అని గుర్తుపడతారు. 1989 ఫిబ్రవరిలో ఇంటి బయటే ఆయన్ని కాల్చి చంపారు. వాటర్‌హౌస్‌కి ఆ పేట తెలిసిన డ్రైవరుతో పగటిపూట మాత్రమే వెళ్లండి. మేం కారులోంచే చూశాం. జనం బతుకుతున్న వీధి అది, కెమెరాలతో దిగడం నాకు నచ్చలేదు. కొత్తవాళ్లు ఈ చోటు వదిలేసినా నష్టం లేదు. టబ్బీ బల్లే చూడాలంటే అది ఇప్పుడు సియాటెల్‌లోని మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్ సేకరణలో ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్లు ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కుని వెళ్లొచ్చు.

హోప్ రోడ్డులోని బాబ్ మార్లీ మ్యూజియం చక్కగా నడుపుతున్నారు, గైడ్లు బాగా చెప్తారు. డబ్ కోసం అయితే అక్కర్లేదు. సమయం తక్కువుంటే దాని బదులు మార్కస్ గార్వే డ్రైవ్‌లోని మార్లీ వాళ్ల టఫ్ గాంగ్ స్టూడియోకి వెళ్లమంటాను. ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు), మిక్సింగ్ గది కళ్లారా చూస్తే ఇంజనీరు చేతులు ఏం చేస్తాయో కొత్తవాళ్లకి అర్థమవుతుంది. రికార్డింగ్ నడుస్తుంటే లోపలికి రానివ్వరు, ముందుగా ఫోన్ చేయండి.

బస న్యూ కింగ్‌స్టన్‌లోనో లిగ్వనీలోనో తీసుకోండి. నార్మన్ మ్యాన్లీ ఎయిర్‌పోర్ట్ నుంచి అరగంట పైచిలుకు ప్రయాణం. హోటళ్లు ఖరీదే కానీ రాత్రి ఎప్పుడొచ్చినా గేటు దగ్గర మనిషి ఉంటాడు. మేం మొదట కొండ మీద గెస్ట్‌హౌస్‌లో దిగాం. గాలి, చెట్లు, టిఫిన్ అన్నీ బాగున్నాయి. అయితే రాత్రి పదయ్యాక గేటు తాళం వేసేస్తామని చెక్-ఇన్ అయ్యాక చెప్పారు. సంగీతం కోసం వచ్చినవాళ్లకి అంతకంటే టెన్షన్ ఇంకోటి లేదు. బుక్ చేసే ముందే ఈ సంగతి అడగండి. టాక్సీ అయితే ఎర్ర నంబర్ ప్లేటు ఉన్నదే ఎక్కాలి, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతం వాళ్ల ఐటల్ వంటలో మాంసం ఉండదు, ఉప్పు కూడా చాలాచోట్ల వేయరు. కాలలూ అనేది మన తోటకూర జాతిదే. కొబ్బరిపాలతో వండిన రాజ్మా అన్నం కడుపు నింపుతుంది. 1845 నుంచి కూలీలుగా వచ్చిన భారతీయుల వల్ల రోటీ, కూర ఇక్కడ ఇంటి వంటలైపోయాయి. స్కాచ్ బానెట్ మిరప మాత్రం గుంటూరు వాళ్లకీ ఘాటుగానే ఉంటుంది.

యాత్ర మొత్తానికి అసలు కారణం ఆదివారం రాత్రి. స్కైలైన్ డ్రైవ్‌లో, కొండ మీద, గాబ్రే సెలాసీ నడిపే డబ్ క్లబ్. ఒక ఇంటి ఆవరణలో నిలువెత్తు స్పీకర్ బాక్సులు, కింద ఊరంతా దీపాలు. తొమ్మిదికి వెళ్తే పలచగా ఉంటుంది, పదకొండు దాటాక నిండుతుంది. డబ్ పుట్టింది ఇలాంటి స్పీకర్ల కోసమే. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడదు, ఇయర్‌ఫోన్‌లో వినపడుతుంది కానీ తగలదు. ఇక్కడ బాక్సులకి పది పదిహేను అడుగుల దూరంలో నిలబడితే చొక్కా వణుకుతుంది, గాజు సీసాలో నీళ్లు కదులుతాయి. ఒకచోట బేస్ ఒక్కసారిగా ఆపేసి ఎకో మాత్రమే ఉంచారు. అందరూ తల పైకెత్తారు. బేస్ తిరిగొచ్చేసరికి ఆవరణంతా అరిచింది, మా తమ్ముడు అందరికంటే గట్టిగా. ఇయర్‌ప్లగ్‌లు తీసుకెళ్లండి. గంజాయి పొగ ఉంటుంది, పడనివాళ్లు రెయిలింగ్ వైపు నిలబడొచ్చు. ఆడవాళ్లకి ఇబ్బంది అనిపించదు, నేను ఒక్కదాన్నే తిరిగాను. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోవాలి, ఆ టైములో కొండ మీద దొరకదు.

వెళ్లే ముందు పాబ్లో, టబ్బీ కలిసి చేసిన 1976 నాటి 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' వినండి. తర్వాత కీత్ హడ్సన్ 1974లో తెచ్చిన 'పిక్ ఎ డబ్'. ఈ సంగీతం లండన్ చేరి ఏమైందో తెలియాలంటే అక్కడి డబ్ ఇంజనీరు మ్యాడ్ ప్రొఫెసర్ రికార్డులు వినండి. ఇక టికెట్ల సంగతి: శనివారానికల్లా కింగ్‌స్టన్‌లో ఉండండి, షాపు చూడకుండా క్లబ్‌కి పోకండి, సోమవారం పొద్దున ఫ్లైట్ మాత్రం పెట్టుకోకండి.