నాన్నగారి కోసం నాలుగు హోమ్‌లు: విజయవాడ, గుంటూరు చుట్టూ మూడు రోజులు

నాన్నగారు తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆయనకు 82. జనవరిలో ఒక రాత్రి బాత్‌రూమ్‌కని లేచి పడిపోయారు. తెల్లారి వంటావిడ వచ్చేదాకా నేల మీదే ఉన్నారు. ఎముక విరగలేదు గానీ, ఆయన చలిలో అలా పడి ఉన్న ఆ ఐదు గంటలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. నేను బెంగళూరులో, అన్నయ్య మస్కట్‌లో. మా ఇద్దరి దగ్గరికీ రానన్నారు. "అక్కడ నాతో తెలుగులో మాట్లాడేవాళ్లెవరమ్మా?" అన్నారు. ఫిబ్రవరిలో ఇద్దరం సెలవు పెట్టుకొని వచ్చాం. చూడబోయే వృద్ధుల హోమ్‌లకు ఆయన్నీ వెంటబెట్టుకొని వెళ్లాం.

ముందు గుంటూరులో ఆయన్ని చూసే డాక్టరుగారి దగ్గర కూర్చున్నాం. డాక్టరుగారు ఆరు పనుల గురించి అడిగారు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లి రావడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తనంతట తాను తినడం. సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు 1963లో పెట్టిన లెక్కట ఇది. మా నాన్నగారికి ఆరింట్లో నాలుగు బాగానే ఉన్నాయి. స్నానానికీ, మంచం దిగడానికీ చెయ్యి ఆసరా కావాలి. ఆ తర్వాత మాత్రలు, ఫోను, డబ్బు లెక్కల గురించి అడిగారు. అక్కడ తేలిపోయింది. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారో లేదో ఆయనకే గుర్తులేదు. అదే రోజు ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే మాత్రం, "1957లో తెరిచారు, నాకప్పుడు పద్నాలుగేళ్లు" అని గడగడా చెప్పారు.

బస విజయవాడ గవర్నర్‌పేటలో. లిఫ్ట్ ఉందని ఫోన్‌లో అడిగే బుక్ చేశాం. తీరా వెళ్తే ఆ లిఫ్ట్ దాకా ఐదు మెట్లున్నాయి, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్ట్ ఒక్కటే కాదు, రోడ్డు నుంచి మంచం దాకా దారంతా అడగాలి.

మొదట చూసింది బందరు రోడ్డులో పోరంకి వైపు. పొద్దున పదకొండుకి వెళ్లాం. చిన్న చిన్న ఫ్లాట్లు, ఎవరి వంటిల్లు వాళ్లకి, కింద తోట, పేపర్లు చదువుకునే హాలు. రిటైరైన దంపతులు హాయిగా తిరుగుతున్నారు. నాన్నగారికి తెగ నచ్చింది. మంచం పక్కన బెల్ ఉంది. "రాత్రి రెండింటికి ఇది నొక్కితే ఎవరొస్తారండీ?" అని అన్నయ్య అడిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ వస్తాడట, వచ్చి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాడట. ఓపికున్నవాళ్లకి అది మంచి చోటే. మా పెద్దమ్మా వాళ్లకి నేనే చెప్తాను. మా నాన్నగారు మాత్రం అక్కడ మళ్లీ పడిపోతే, బెల్ అందక, పడ్డ సంగతి తెల్లారేదాకా ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం హోటల్ గదిలో జరిగింది చెప్పాలి. ఆరున్నర దాటాక నాన్నగారు లేచి జేబులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "తాళాలేవి? బడి గేటు వెయ్యాలి. పిల్లలు వెళ్లిపోయారు" అన్నారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై ఇరవై నాలుగేళ్లు. అరగంట సేపు నేను చెయ్యి పట్టుకొని కూర్చుంటే తగ్గింది. మతిమరుపు జబ్బులో పొద్దుగూకే వేళ ఇలా కంగారు పెరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. చూడటం నాకు అదే మొదటిసారి. ఫోన్‌లో ఇన్నాళ్లూ పొద్దున పూటే మాట్లాడుతున్నాం, ఎప్పుడూ బాగున్నట్టే అనిపించింది. ఆయన కష్టమంతా సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము దాకా. మేమేమో పొద్దున పదకొండింటికి హోమ్‌లు చూస్తున్నాం. మిగతావన్నీ చీకటి పడ్డాకే చూద్దామని ఆ రాత్రే అనుకున్నాం.

రెండోది ఉండవల్లి వైపు, కరకట్టకి దగ్గర్లో ట్రస్టు నడిపే ఆశ్రమం. మనుషులు బంగారం. ముద్దపప్పు, నెయ్యి వేసి నాన్నగారికి దగ్గరుండి వడ్డించారు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది కదా, అప్పుడేం చేశారని అడిగితే, పెద్దవాళ్లని ముందురోజే కల్యాణ మండపానికి చేర్చామని దాపరికం లేకుండా చెప్పారు. కానీ రాత్రి ఏడింటికి అక్కడ ముప్పై ఒక్కమందికి ఇద్దరే ఆయాలు. ఒకామె వంటగదిలో చపాతీలు చేస్తోంది. హాల్లో మూడో మంచం మీద ఒక మామ్మగారు "అమ్మాయ్, అమ్మాయ్" అని పిలుస్తూనే ఉన్నారు. నేనే వెళ్లి నీళ్లిచ్చాను. ఆయాల తప్పేం లేదు, ఉన్నవి రెండు చేతులు. దాతల మీద నడిచే చోటు అది, వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

మూడోది గుంటూరులో గోరంట్ల దగ్గర. నిజానికి అది చిన్న ఆసుపత్రి లాంటిది. ఇరవై నాలుగు గంటలూ నర్సులు, ఆక్సిజన్, ముక్కుకి గొట్టంతో పాలు పట్టించుకునేవాళ్లు. మంచం పట్టినవాళ్లకి ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మారుస్తారు. ఆ చార్టు నేను చూశాను, గడులన్నీ నింపి ఉన్నాయి. ఎక్కడా వాసన లేదు. అన్నయ్య అక్కడే డబ్బు కట్టేసేవాడు. "రాత్రిపూట టాయిలెట్‌కి ఎలా తీసుకెళ్తారు?" అని అడిగాను. "రాత్రి అందరికీ డైపరే వేస్తామమ్మా" అంది నర్సు. చెయ్యి పట్టుకుంటే నడిచి వెళ్లగలిగే మనిషికి డైపర్ వేస్తే ఆ నడక పోయే ప్రమాదం ఉంది. అదీ ఆమే చెప్పింది: "ఇప్పుడే తేవద్దండీ, ఇంకా నడుస్తున్నారుగా." ఆ అమ్మాయికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

నాలుగోది మంగళగిరి దాటాక, కాజకి ఇవతల. రాత్రి ఏడున్నరకి చెప్పకుండానే వెళ్లాం. వరండాలో దీపాలన్నీ వేసి ఉన్నాయి. ఒక అటెండెంట్ ఒక తాతగారితో నెమ్మదిగా నడుస్తున్నాడు, ఆయన ఎటు తిరిగితే అటు. రాత్రికి ఆరుగురికి ఒక మనిషి, వాళ్ల గదుల బయటే పడక. బాత్‌రూమ్‌లో కమోడ్‌కి రెండువైపులా పట్టుకునే రాడ్లు, వీల్‌చైర్ పట్టే తలుపు. మాత్రలు నర్సు దగ్గరే ఉంటాయి, వేసినప్పుడల్లా సంతకం. లోపాలూ ఉన్నాయి. డాక్టరు వారానికి రెండుసార్లే వస్తారు. హైవే లారీల మోత వినిపిస్తుంది. కూరల్లో ఉప్పూ కారం బాగా తక్కువ, నాన్నగారు మొదటి ముద్దకే గోంగూర అడిగారు. ఎయిమ్స్ దగ్గరగా ఉండటం మాత్రం పెద్ద ధైర్యం.

డబ్బు దగ్గర గట్టిగా కూర్చున్నాం. నెలకు 26 వేలన్నారు. ఫిజియోథెరపీ, డైపర్లు, ఆసుపత్రికి వెళ్తే తోడు మనిషి, అన్నీ విడిగా రాయించుకుంటే 33 వేలు దాటింది. ఏం జరిగినా మాకు సంబంధం లేదన్న వాక్యం ఒకటి ఒప్పందంలో ఉంది. అన్నయ్య అది కొట్టేయించాకే సంతకం పెట్టాడు. రేపు నాన్నగారు మనుషుల్ని గుర్తుపట్టలేని దశకొస్తే, మంచం పడితే ఏం చేస్తారని అడిగాను. ఇక్కడ ఉంచుకోలేమని నేరుగా చెప్పారు. అలాగైతే ముప్పై రోజుల ముందు చెప్పాలని రాయించాం. గోరంట్ల నంబరు నా దగ్గర భద్రంగా ఉంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ని నాన్నగారి డైరీ మొదటి పేజీలో పెద్ద అంకెలతో రాసిపెట్టాను.

కారులో తిరిగొస్తుంటే ఆయన ఒక్కటే అడిగారు: "ఇల్లు అమ్మేస్తారా?" అమ్మం అన్నాం. కిటికీ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు.

ముందు మూడు రాత్రులు ఉండి చూడమన్నారు. మర్నాడే దింపాం. ఆ రాత్రి నేను హోటల్లో ఫోన్ పట్టుకొనే కూర్చున్నాను. పొద్దున్నే వెళ్లి రిజిస్టర్ అడిగాను. నాన్నగారి పేరు మూడుసార్లు ఉంది. 11.50, 2.40, 4.30. ఒక్కోదాని పక్కన "చెయ్యి పట్టుకొని తీసుకెళ్లాను" అని రాసి సంతకం ఉంది. నాన్నగారు వరండాలో టీ తాగుతున్నారు. నన్ను చూసి, "బీరువా మీద నా వాచీ ఉండిపోయిందమ్మా, తెచ్చిపెట్టు" అన్నారు. మధ్యాహ్నం తెనాలి వెళ్లి వాచీతో పాటు అమ్మ ఫొటో కూడా తెచ్చాను.