విదేశీ పిల్లలకు ఆతిథ్యం: మన వేసవిలోనా, వాళ్ల వేసవిలోనా?

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ లిఫ్టు దగ్గర ఆపి అడిగారు. "మావాడికి పదహారు నిండాయండీ. ఎక్స్ఛేంజ్ కింద బయటి దేశం పిల్లాణ్ని సెలవులకు పెట్టుకుందామనుకుంటున్నాం. మీరు రెండుసార్లు పెట్టుకున్నారుగా, ఏ పద్ధతి మేలు?" లిఫ్టు వచ్చేలోపు తేలే మాట కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

రోటరీ క్లబ్బులు నడిపే యూత్ ఎక్స్ఛేంజ్‌నే తీసుకోండి, అంటే ఒక దేశం పిల్లలు మరో దేశం వెళ్లి అక్కడి ఇళ్లల్లో ఉండి రావడం. 15 నుంచి 19 ఏళ్ల పిల్లలకు అందులో రెండు దారులున్నాయి. మొదటిది స్వల్పకాలం. కొద్ది రోజుల నుంచి మూడు నెలల దాకా, ఎక్కువగా వాళ్ల బడి సెలవుల్లో ఉంటుంది. చాలాసార్లు ఇది ఇచ్చిపుచ్చుకోవడం: వాళ్లమ్మాయి మనింటికి, మనమ్మాయి వాళ్లింటికి. రెండోది పూర్తి విద్యా సంవత్సరం. పిల్లలు ఇక్కడి బడికి వెళ్తూ, వంతులవారీగా ఒకటికి మించిన ఇళ్లల్లో ఉంటారు. సెలవులకే పెట్టుకుందామనుకునేవాళ్లు ఈ రెండో దాని జోలికే పోరు. కానీ ఏడాదికని ఆగస్టులో వచ్చిన పిల్లల ఆఖరి మజిలీ సరిగ్గా మన ఎండాకాలం సెలవుల్లో పడుతుంది. ఆ ఆఖరి వంతు మనం అడిగి తీసుకోవచ్చు. మేం రెండూ చేశాం. మొదట జూలైలో నాలుగు వారాలకు ఒక జర్మనీ అమ్మాయి, తర్వాత ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా ఒక బ్రెజిల్ అబ్బాయి.

అసలు చిక్కంతా క్యాలెండర్‌లోనే ఉంది. మన సెలవులు ఏప్రిల్ ఆఖర్లో మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. జర్మనీలో రాష్ట్రాన్ని బట్టి జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోపు ఎప్పుడో ఒక ఆరు వారాలు ఇస్తారు. వాళ్లకు వేసవి వచ్చేసరికి మన దగ్గర జూన్ 12న బళ్లు తెరిచి యూనిట్ టెస్టులు కూడా మొదలైపోతాయి. ఇంటర్ కాలేజీల సంగతి చెప్పనక్కర్లేదు. మా అమ్మాయి అప్పుడు ఫస్టియర్. ఉదయం ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. ఎవరి కోసమైతే ఆ పిల్లను పిలిచామో, ఆ మనిషే ఇంట్లో లేదు.

ఆరో రోజున నేను బ్యాంకు నుంచి మధ్యాహ్నం ఒకసారి ఇంటికొచ్చాను. ఆ అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది, ముఖం వాడిపోయి ఉంది. తిన్నావా అంటే లేదంది. ఫ్రిజ్‌లో పెరుగన్నం ఉంది, గిన్నెలో పప్పు ఉంది, పక్కనే అరటిపళ్లు. పన్నెండింటికి మా అత్తగారు తింటావా అని సైగ చేసి అడిగితే, అప్పటికి ఆకలి లేక తల అడ్డంగా ఊపిందట. రెండింటికి ఆకలేసింది, కానీ అప్పటికి అత్తగారు నడుం వాల్చారు. వేరేవాళ్ల ఫ్రిజ్ అడక్కుండా తెరవడం వాళ్లింట్లో తప్పు. "ఇది నీ ఇల్లే అనుకో" అని మేం మొదటి రోజే చెప్పాం. ఆ మాటకు ఫ్రిజ్ తెరవొచ్చని అర్థం ఉందని ఆ పిల్లకెలా తెలుస్తుంది? మన దగ్గర వద్దన్నవాళ్లకు మరో గరిటె వడ్డిస్తాం, మూడోసారికి గానీ ఔననం. ఆమె వద్దంటే వద్దనే. ఆ రోజు ఆమె చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, ఈ డబ్బాలో బిస్కెట్లు, ఈ అరలో పాలు, ఎప్పుడైనా తీసుకో, అడగొద్దు అని ఒక్కొక్కటీ చూపించాను. నాలుగు వారాల్లో ఒక వారం అలా పోయింది. అది ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటుంది.

జూలైకి దాని అందం దానికుంది. ఆషాఢం కాబట్టి గోరింటాకు రుబ్బి పెట్టాం. అత్తగారు, ఆ పిల్ల పది వేళ్లూ చాచుకుని ఎదురెదురుగా గంటసేపు కూర్చున్నారు, ఒకరి భాష ఒకరికి రాకుండానే. ఇంద్రకీలాద్రి మీద శాకంబరీ ఉత్సవాల్లో అమ్మవారిని కూరగాయలతో అలంకరిస్తే, ఆమె బెండకాయల దండలు చూసి అక్కడే నిలబడిపోయింది. ఆ తర్వాతి మే నెలలో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లింది. అప్పుడు వాళ్లకు బడి ఉంది గనక ఆ పిల్ల పక్కనే బెంచీలో కూర్చుని వచ్చింది. పంపడం కూడా మీ లెక్కలో ఉంటే, దానికి జూలై దారే దారి.

అబ్బాయి సంగతి వేరు. మా గుమ్మం తొక్కేనాటికి అతను ఇక్కడ ఎనిమిది నెలలు గడిపి, రెండిళ్లల్లో ఉండి వచ్చాడు. బకెట్టు, మగ్గు అలవాటే. చేత్తో అన్నం కలపడం వచ్చు. వాళ్లింట్లోనూ రోజూ అన్నం, చిక్కుడు జాతి గింజల కూరే కాబట్టి పప్పన్నానికి పేచీ లేదు. "ఇంకొంచెం", "చాలు", "కారం" అనే మూడు మాటలు సరైన చోట వాడేవాడు. ఇంట్లో పిల్లలందరికీ సెలవులు. మే నెల విజయవాడ ఎండకు పదకొండు తర్వాత ఎవరూ బయటికి కదలరు కాబట్టి ఒకే ఏసీ గదిలో చాపలు పరుచుకుని అందరూ అక్కడే. స్నేహం కుదరాలంటే అలాంటి పనిలేని మధ్యాహ్నాలే కావాలి.

ఆవకాయ రోజున అతనికి ముక్కలు తుడిచే పని అప్పగించాం. జీడి తీసి, లోపలి పొర స్పూనుతో గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి బట్ట మీద వేశాడు. మామిడి వాళ్ల దేశంలోనూ బాగా పండుతుంది, కానీ పచ్చికాయను టెంకతో సహా కొడతారని అతనికి తెలీదు. జాడీకి ఎత్తాక బేసిన్‌లో మిగిలిన పిండిలో మా అత్తగారు వేడన్నం కలిపి ముద్దలు పెడుతుంటే, వరసలో అందరికంటే ముందు అతని చేయి ఉంది.

దీనికీ లోటుంది. మనది మూడో ఇల్లు. అతను "అమ్మ" అని పిలిచింది మొదటి ఇంటావిడను, నన్ను కాదు. మే చివరికి మనసు సగం ఊరికి వెళ్లిపోయి ఉంటుంది. పైగా డ్రైవింగ్, డ్రింకింగ్, డ్రగ్స్, డేటింగ్ అనే నాలుగు "డీ"లూ నిషేధం. మన బంధువుల పిల్లలు పదహారేళ్లకే స్కూటీ తోలుతుంటే ఇతనికి మాత్రం కుదరదని చెప్పాల్సింది మనమే.

కాగితాలకొస్తే, విదేశీయులు ఎవరు మనింట్లో దిగినా 24 గంటల్లో ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) వెబ్‌సైట్‌లో తెలియజేయాలి. అందరూ సి-ఫారం అనేది దాన్నే, అది హోటళ్లకే అనుకోకండి. 180 రోజులు దాటిన వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లో రిజిస్టర్ కావాలి గానీ, మన వంతు వచ్చేసరికి ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. చిరునామా మార్పు మాత్రం మరవకూడదు. ఆతిథ్యానికి డబ్బులివ్వరు, రెండు దారుల్లోనూ అంతే. ఇల్లు చూడ్డానికి వస్తారు, మన గురించి వాకబు చేస్తారు. చిన్నబుచ్చుకోకండి. రేపు మన పిల్ల వెళ్లే ఇంటినీ అలాగే చూడాలని కోరుకుంటాంగా.

పదిమంది దేశదేశాల పిల్లలు కలిసి తిరిగే పది, పదిహేను రోజుల క్యాంపులూ ఉంటాయి. రెండు రాత్రులు మనింట్లో పడుకుని వెళ్తారు. పిల్లలకు సరదాగా ఉంటుంది గానీ, మనిషి తెలిసేంత వ్యవధి అందులో లేదు.

కాబట్టి లిఫ్టు దగ్గరి ఆవిడకు నా జవాబు ఇది. మీవాడు జూన్‌కు సెకండియర్‌లోకి వస్తాడు. మీరిద్దరూ ఉద్యోగస్థులు, పగలు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. జూలై వద్దు. మే వంతు అడగండి, అదీ డిసెంబరులోనే అడగండి, ఇళ్ల వంతులు అప్పటికే అనుకుంటుంటారు. వచ్చిన రోజే ఫ్రిజ్ తెరిచి చూపించండి. ఆవకాయ మాత్రం మే నెలలోనే పెట్టేయండి, జూన్ మొదటి వారానికల్లా వాళ్ల టిక్కెట్టు ఉంటుంది.