48 గంటల్లో ఇంటర్నేషనల్ జర్నల్ అంటే నమ్మకండి, మాకు 4,800 పోయాయి, చేసిన ప్రయోగం కూడా పోయినంత పనైంది

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు, ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఇది ఒకసారి చదవండి. ఇంకో రెండు నెలల్లో మీ వాట్సాప్‌కు కూడా "48 గంటల్లో మీ పేపర్ ఇంటర్నేషనల్ జర్నల్‌లో వేస్తాం" అనే మెసేజ్ వస్తుంది, ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్‌కు పోయే టైం వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

నేను నల్లగొండ జిల్లాలో సివిల్ డిప్లొమా పిల్లలకు చెప్తాను. పోయినేడు మా దగ్గర ముగ్గురు పిల్లలు ఊక బూడిద మీద పని చేశారు. మిర్యాలగూడ చుట్టూ ఎన్ని రైస్ మిల్లులున్నాయో, బాయిలర్లలో ఊక కాల్చాక మిగిలే బూడిద కుప్పలు ఎట్లా ఉంటాయో, ఎండాకాలం గాలికి అది బైకు మీద పోయేవాళ్ళ కళ్ళల్లో ఎట్లా కొడుతుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. వడ్ల బరువులో ఐదోవంతు దాకా ఊకే, ఆ ఊక కాలిస్తే అందులో మళ్ళీ ఐదోవంతు దాకా బూడిద, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. సరిగ్గా కాలిన బూడిద తెల్లగానో, బూడిద రంగులోనో ఉంటుంది, సగం కాలింది నల్లగా ఉంటుంది, ఆ నల్లదాంతో బలం రాదు. మా పిల్లలు సిమెంటులో కొంత తీసేసి ఆ స్థానంలో ఈ బూడిద 5, 10, 15, 20 శాతం వేసి ఇటుకలు పోసి, తొట్టిలో కొన్ని 7 రోజులు, కొన్ని 28 రోజులు నానబెట్టి, కంప్రెషన్ మెషీన్ మీద పగలగొట్టి రీడింగులు రాశారు. 10 శాతం దాకా బలం నిలబడింది, 20 దగ్గర బాగా పడిపోయింది. గొప్ప కనిపెట్టుడేం కాదు, కానీ మన మిల్లు బూడిదతో మన ల్యాబ్‌లో చేసిన లెక్క.

అప్పుడొచ్చింది మెసేజ్. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు), స్కోపస్ (పరిశోధన పత్రికల అంతర్జాతీయ జాబితా), యూజీసీ కేర్ (యూజీసీ ఒప్పుకున్న పత్రికల జాబితా), డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్), ప్రతి రచయితకూ విడిగా సర్టిఫికెట్, మనిషికి 1,200. నాతో కలిపి నలుగురికి 4,800 ఫోన్‌పే చేశాం, అదీ ఎవరో మనిషి పేరున్న యూపీఐకి. అక్కడే ఆగాల్సింది. పిల్లల ముందు నేను సార్‌ని కదా, నేనే "కట్టేద్దాం" అన్నాను. కాబట్టి తప్పు నాదే ఎక్కువ.

శుక్రవారం సాయంత్రం పేపర్ పంపితే శనివారం పొద్దున టిఫిన్ టైంకి "యాక్సెప్టెడ్" అని వచ్చింది. సోమవారానికి బంగారు రంగు అంచు సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. పిల్లలు స్టేటస్ పెట్టుకున్నారు, నేను కూడా పెట్టాను, ఎందుకు దాచాలి. రెండు వారాల తర్వాత తీరిగ్గా కూర్చుని పీడీఎఫ్ తెరిస్తే మూడో పట్టికలో 7 రోజుల అంకెలు 28 రోజుల కింద, 28వి 7 కింద పడి ఉన్నాయి. అంటే మా ఇటుక నానేకొద్దీ మెత్తబడిందన్నమాట! ఆ తప్పు మాదే, టైపింగ్‌లో పడింది. కానీ డిప్లొమా రెండో సంవత్సరం పిల్లవాడికి చూపించినా పట్టుకుంటాడు. నాలుగో పేజీలో నేను గుర్తుకోసం రాసుకున్న "ఇక్కడ ఫోటో పెట్టాలి" అనే లైను కూడా అట్లాగే అచ్చయింది. ఇద్దరు నిపుణులు చదివి ఓకే చేశారని వాళ్ళ లెటర్‌లో ఉంది.

తప్పు దిద్దమని అడిగితే ఇంకో 1,500 అన్నారు. పేపర్ తీసేయండి, సరిచేసుకుని వేరే చోటికి పంపుకుంటాం అంటే వెనక్కి తీసుకునే ఫీజు 9,000 అన్నారు. పైగా ముందే మాతో హక్కులన్నీ వాళ్ళకు రాసిచ్చినట్టు ఫారం మీద సంతకాలు పెట్టించుకున్నారు, అది చదవకుండా పెట్టాం. అసలు ఓపెన్ యాక్సెస్ అంటే చదివేవాడు పైసా కట్టకుండా చదువుకోవాలి, వాడుకోవాలి, రాసినవాడి పేరు చెప్పాలి. 2002లో బుడాపెస్ట్ ప్రకటనలో చెప్పింది అదే. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెడితే హక్కు మామూలుగా మన దగ్గరే ఉంటుంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. హాలియా వైపు సిమెంటు ఇటుకల యూనిట్ పెట్టుకున్న ఒకాయన ఫోన్ చేసి "సారూ, ఆ బూడిద ఎంత కలపాలెనో మీ పేపర్ల ఉన్నదట గదా, జర పంపుర్రి" అన్నాడు. లింక్ పంపాను. సైటే లేదు. డీఓఐ నంబర్ డీఓఐ డాట్ ఓఆర్‌జీలో వేస్తే దొరకలేదని వచ్చింది, అది మొదట్నుంచీ ఉత్తుత్తి నంబరే. పేపర్ ఎవరికి పనికొస్తుందో ఆ మనిషి అడిగిన రోజున చూపించడానికి నా దగ్గర బంగారు అంచు సర్టిఫికెట్ తప్ప ఏమీ లేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు పది నిమిషాలు ఆగండి. వాళ్ళ పాత పేపర్ల డీఓఐలు నాలుగైదు డీఓఐ డాట్ ఓఆర్‌జీలో వేసి చూడండి, తెరుచుకోకపోతే అక్కడితో వదిలేయండి. స్కోపస్‌లో ఉందని వాళ్ళు చెప్తే సరిపోదు, స్కోపస్ వాళ్ళ సొంత సోర్స్ లిస్ట్‌లో పత్రిక పేరు వెతకాలి, అది చూడ్డానికి డబ్బులక్కర్లేదు. ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా అని మురిసిపోకండి, అది పత్రికకు గుర్తింపు నంబర్ మాత్రమే, బండికి నంబర్ ప్లేట్ ఉన్నంత మాత్రాన బ్రేకులు పడతాయని కాదు. యూజీసీ కేర్ అని ఇప్పుడు రాస్తున్నారంటే ఇంకా నవ్వొస్తుంది, ఆ జాబితాను యూజీసీయే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. డీఓఏజే అని 2003 నుంచి నడుస్తున్న ఓపెన్ యాక్సెస్ పత్రికల జాబితా ఒకటుంది, అందులో సగానికి పైగా పత్రికలు రాసేవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోవు. ఫీజు తీసుకునే మంచి పత్రికలూ ఉన్నాయి, కానీ వాళ్ళు శుక్రవారం తీసుకుని శనివారం ఒప్పుకోరు.

ఇది చిన్నాచితకా వ్యవహారం అనుకోకండి. హైదరాబాద్‌లోనే ఉన్న ఒక ప్రచురణ సంస్థ మీద ఇట్లాంటి వ్యవహారానికే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

మన జిల్లా పేరుతో తిరిగే నల్గొండ టెక్నిక్ సంగతి తెలిసిందే కదా, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు 1970ల్లో చేసింది. పాళ్ళు అందరికీ చెప్పారు కాబట్టే టాంజానియాలో కూడా బకెట్లలో కలిపి చూశారు. దాచుకుని సర్టిఫికెట్ పంచి ఉంటే అంత దూరం పోయేదా?

మేం చివరికి చేసిందేంటంటే, రీడింగులు మొత్తం మళ్ళీ సరిచూసి, పాళ్ళు, ఫోటోలు, రెండు పేజీల తెలుగు నోటు కలిపి జెనోడోలో పెట్టాం. అది జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్ళు 2013 నుంచి నడుపుతున్న ఉచిత నిల్వ. డీఓఐ నిజంగానే ఇస్తుంది, ఒక రికార్డుకు మామూలుగా 50 జీబీ దాకా పెట్టుకోవచ్చు, తప్పు దొరికితే కొత్త వెర్షన్ వేసుకోవచ్చు, పైసా అడగదు. అక్కడ నిపుణులెవరూ చదివి పరీక్షించరు, దాన్ని జర్నల్ పేపర్ అని చెప్పుకుంటే అదీ మోసమే. ప్రమోషన్ ఫైల్లో పెట్టుకోవడానికి పనికిరాదు, మా ఇటుకల మనిషికి పనికొస్తుంది.

డబ్బు ఇప్పుడే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మేం నెల తర్వాత చేశాం, ఇంకా ఏమీ తేలలేదు.

ఆ హాలియా ఆయన మొన్న నోటు ఫోన్లో తెరుచుకుని మళ్ళీ చేశాడు. "నల్ల బూడిదైతే ఎట్ల సారూ, మా పక్క మిల్లుల అదే వస్తది" అంటున్నాడు. ఈ ఏడు పిల్లలకు అదే ప్రాజెక్టు ఇచ్చాను.