పిల్లలకి కైరోప్రాక్టిక్: రెండున్నరేళ్లు వాడాక

మా అమ్మాయికి తలనొప్పి తగ్గిందా అంటే, తగ్గింది. అది కైరోప్రాక్టిక్, అంటే వెన్నునీ కీళ్లనీ చేత్తో నొక్కి సర్దే వైద్యం, దాని వల్లే తగ్గిందా అంటే మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను. ఇద్దరు పిల్లలు, రెండు క్లినిక్కులు, రెండున్నరేళ్లు, తారీఖులతో నిండిపోయిన ఒక నోటుపుస్తకం. అదంతా ముందేసుకుని రాస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే ఉంటుంది.

మొదలుపెట్టినప్పుడు అమ్మాయికి 12 ఏళ్లు. ఆ ఏడాది ఉన్నట్టుండి 8 సెంటీమీటర్లు పొడుగైంది. బడి నుంచి వచ్చేసరికి మెడ వెనక పట్టేసేది. పొద్దుపోయేసరికి ఆ నొప్పి తల వెనక నుంచి కణతల దాకా పాకేది. వారంలో నాలుగు రోజులు ఇదే వరస. పిల్లల డాక్టరు చూశారు, కళ్లు పరీక్ష చేయించారు, భయపడాల్సిందేమీ లేదు, కూర్చునే తీరు మార్చమన్నారు. కూర్చునే తీరు మార్చుకోమని 12 ఏళ్ల పిల్లకి చెప్పి చూడండి. రెండు నిమిషాలు నిటారుగా కూర్చునేది, మూడో నిమిషానికి మళ్లీ ఫోన్ మీదికి కొంగలా వంగేది. అప్పుడే ఆఫీసులో ఎవరో కైరోప్రాక్టర్ మాట ఎత్తారు.

మొదట వెళ్లిన క్లినిక్కు పేరు రాయను. లోపలికి అడుగుపెట్టిన పది నిమిషాల్లో మెడ నుంచి నడుము దాకా ఎక్స్‌రే తీసేశారు. దాని మీద ఎర్ర గీతలు గీసి, "వెన్ను పక్కకి ఒరిగింది, ఇది స్కోలియోసిస్‌కి మొదలు, ఇప్పుడు సరిచెయ్యకపోతే పెద్దయ్యాక కష్టం" అన్నారు. మొత్తం 36 సిట్టింగులు, డబ్బు ముందే కడితే తగ్గింపు. పక్కన పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చుంటే ఏ తల్లి బేరం ఆడుతుంది? కట్టేశాం. మొదటి సిట్టింగులోనే పిల్ల తలని రెండు చేతుల్లోకి తీసుకుని, ఏదో మాటల్లో పెట్టి, చటుక్కున పక్కకి తిప్పారు. మెడలోంచి టకటకమని శబ్దం. నొప్పి పుట్టలేదంది. చెప్పకుండా తిప్పేశారని మాత్రం హడలిపోయింది. ఆ రాత్రి మెడ పట్టుకునే పడుకుంది. ఆరు సిట్టింగులయ్యాక "అమ్మా, నేనింక రాను" అంది. మిగతా 30 సిట్టింగుల డబ్బు తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఎముకల డాక్టరు అదే ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి కొలిచారు. వంపు 6 డిగ్రీలు. 10 దాటితేనే దాన్ని స్కోలియోసిస్ అంటారని, కొలవడంలోనే నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయని అప్పుడు తెలిసింది. నిజంగా వంపు ఉండి, ఎదిగే వయసులో అది పెరుగుతుంటే దానికి బ్రేస్ ఉంది, అంటే ఒంటికి బిగించి వేసుకునే గట్టి పట్టీ. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి, ఊరికే గమనిస్తూ వచ్చినవాళ్లలో 48 శాతం మందికి, ఎదుగుదల ఆగేసరికి వంపు 50 డిగ్రీల లోపే నిలిచింది. చేత్తో నొక్కి వంపు సరిచేస్తామనేవాళ్లని ఇలాంటి లెక్క ఒకటి చూపించమని అడగండి. నేను అడగలేదు, అందుకే డబ్బు పోయింది.

ఇంత జరిగాక మళ్లీ కైరోప్రాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్లానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు. ఎందుకంటే పిల్ల ఫిజియోథెరపిస్టే పంపారు. ఫలానా ఆయన పిల్లలతో జాగ్రత్తగా ఉంటారు, నేనిచ్చే వ్యాయామాలకి తోడుగా ఓ నాలుగుసార్లు చూపించండి అన్నారు.

అక్కడ మొదటి రోజు 50 నిమిషాలు పట్టింది. అందులో చికిత్స పేరుతో ఒక్క నొక్కు నొక్కలేదు. అన్నీ ప్రశ్నలే. నొప్పి నిద్రలోంచి లేపుతోందా? జ్వరం వచ్చిపోతోందా? బరువు తగ్గిందా? కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉందా? ఎక్కడైనా పడిందా? ప్రశ్న నన్ను కాదు, పిల్లని అడిగేవారు. అది నా వైపు చూస్తే, "అమ్మ తర్వాత చెప్తుంది, ముందు నువ్వు చెప్పమ్మా" అనేవారు. తర్వాత అరచేతులు రెండూ కలిపి ముందుకి వంగమన్నారు. వెనక నిలబడి, వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా లేస్తోందేమో చూశారు. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. ఎక్స్‌రే ఊసే ఎత్తలేదు. నేనే అడిగితే, "పిల్లలకి కారణం లేకుండా రేడియేషన్ ఎందుకండీ" అన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు ముందు నా చేతి మీద నొక్కి చూపించారు. కొత్త పుస్తకం మధ్యకి తెరిచి, పేజీలు మూసుకుపోకుండా అరచేత్తో అదుముతాం చూడండి, అంతే బలం. పిల్లని బోర్లా పడుకోబెట్టి భుజాల మధ్య బొటనవేళ్లతో అలా అదిమి పట్టుకున్నారు, కాసేపయ్యాక వదిలేశారు. ఇంకోసారి ఒక స్ప్రింగు పరికరం వాడారు. చూడ్డానికి లావుపాటి సిరంజిలా ఉంటుంది, దాని కొసన రబ్బరు. వీపుకి ఆనించి వదిలితే బాల్ పెన్ను నొక్కినట్టు టిక్కుమంటుంది. మెడని తిప్పడం ఆయన అసలు చెయ్యరు. చటుక్కున తిప్పినప్పుడు చాలా అరుదుగా మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం దాకా పోయిన సందర్భాలున్నాయని ఆయనే చెప్పారు. ఆపు అనే మాట పిల్ల నోటి నుంచి వస్తే చెయ్యి తీసెయ్యడం ఆయన పద్ధతి. మూడో సిట్టింగులో అది ఊరికే పరీక్ష పెట్టడానికి "ఆపండి" అంది. వెంటనే రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగారు. ఆ రోజు నుంచి దానికి భయం పోయింది.

ఆ టక్కుమనే శబ్దం గురించి కూడా చెప్పాలి. మొదటి క్లినిక్కులో అది ఎముక తన చోటికి తిరిగి వచ్చిన చప్పుడని చెప్పారు, మేమూ నోరు వెళ్లబెట్టి విన్నాం. నిజానికి అది మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడే. కీలులో ఉండే ద్రవంలో ఒక్కసారిగా ఒత్తిడి పడిపోయి చిన్న గాలి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో వేళ్లు లాగుతూ ఎమ్మారైలో తీసిన చిత్రాల్లో అది స్పష్టంగా కనిపించింది. విరిచిన మెటిక వెంటనే మళ్లీ విరగదు, ఓ 20 నిమిషాలైనా ఆగాలి. అంతే, జరిగిన ఎముకా లేదు, చేరిన చోటూ లేదు. మా రెండో కైరోప్రాక్టర్ దగ్గర చాలాసార్లు ఏ చప్పుడూ రాలేదు. ఉపశమనానికి మాత్రం లోటు రాలేదు.

ఉపశమనం మాటకి వస్తే నా నోటుపుస్తకం తియ్యాలి. రోజూ రాత్రి మూడే గీతలు: నొప్పి ఉందా, వ్యాయామం చేసిందా, సిట్టింగు ఉందా. వ్యాయామాలంటే పెద్దవేం కావు. తల కిందికి వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాగి రెండు గడ్డాలు కనిపించేలా పట్టి ఉంచడం, తలుపుకి కట్టిన ఎలాస్టిక్ బ్యాండు రెండు చేతులా వెనక్కి లాగడం, గోడకి వీపు ఆనించి చేతులు పైకి జరపడం. మొత్తం పన్నెండు నిమిషాలు. మూడు నెలలయ్యాక కూర్చుని లెక్కేస్తే సంగతి బయటపడింది. సిట్టింగు అయిన రోజు, మర్నాడు పిల్ల హాయిగా ఉండేది. వ్యాయామం ఎగ్గొడితే మూడో రోజుకల్లా నొప్పి తిరిగొచ్చేది. పరీక్షల వల్ల ఐదు వారాలు క్లినిక్కుకే వెళ్లలేదు, కానీ వ్యాయామం వదల్లేదు. ఆ ఐదు వారాల్లో తలనొప్పి వచ్చింది రెండు రోజులే. ఈ లెక్క కైరోప్రాక్టర్‌కి చూపిస్తే చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. "మరి నేను చేసేది, తను వ్యాయామం చెయ్యగలిగేలా రెండు రోజులు నొప్పి తగ్గించడమే కదా" అని సిట్టింగులు నెలకి ఒకటి చేసేశారు. ఈలోగా పిల్ల ఎదుగుదల కూడా నెమ్మదించింది. దానికెంత మార్కులివ్వాలో ఆ పుస్తకంలో గడి లేదు.

ఇక అబ్బాయి. అమ్మాయికంటే రెండేళ్లు పెద్ద. ఫాస్ట్ బౌలింగ్ పిచ్చి. 15 ఏళ్లప్పుడు నడుము కింద ఎడమవైపు నొప్పి అన్నాడు. చెల్లెలికి పనిచేసింది కదా, వీడికీ ఓసారి నొక్కిస్తే పోతుందనుకుని అదే కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. బల్ల ఎక్కించి, నొక్కగానే బల్లలో ఒక భాగం దభీమని కాస్త కిందికి దిగే చికిత్స ఒకటుంది, అది చేస్తారని వాడు ఉత్సాహంగా వచ్చాడు. ఆయన ఒంటికాలి మీద నిలబెట్టి నడుముని వెనక్కి వంచమన్నారు. కుడికాలి మీద బాగానే వంగాడు. ఎడమకాలి మీద సగం వంగేసరికి పళ్లు బిగబట్టి గోడ పట్టుకున్నాడు. ముందుకి వంగితే నొప్పి లేదు.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఈ రోజు నేను ముట్టుకోను. ఎముకల డాక్టరుకి ఉత్తరం రాస్తాను, ఈ వారంలోనే చూపించండి. అప్పటిదాకా బౌలింగ్ వద్దు నాన్నా" అన్నారు. వాడి మొహం మాడిపోయింది. నాకూ చిరాకేసింది, నిజం చెప్పొద్దూ. ఎమ్మారైలో ఐదో నడుము పూస వెనక భాగంలో సన్నటి పగులు కనిపించింది. ఒక్క దెబ్బతో వచ్చింది కాదు, అదే పనిగా వెనక్కి వంగి మెలిపెట్టడం వల్ల అలిసిపోయిన ఎముకలో వచ్చే పగులు. ఎదిగే వయసులో బౌలర్లకి, జిమ్నాస్టులకి ఇది మామూలే. మొదట్లో ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు కూడా. విరామమే మందు అన్నారు. నాలుగు నెలలు బంతి ముట్టనివ్వలేదు, తర్వాత ఫిజియోథెరపీ, ఆపైన వారానికి ఇన్ని బంతులే అని లెక్క. అలాంటి నడుముని ఎవరైనా అదిమి, మెలిపెట్టి, టక్కుమనిపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మొదటి క్లినిక్కులో మిగిలిపోయిన 30 సిట్టింగులు వీడికి వాడుకుందామని నేను ఒక దశలో అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

మొదటి క్లినిక్కు గోడ మీద ఒక పోస్టరు ఉండేది: పసిపిల్లల కడుపునొప్పి ఏడుపు, చెవిపోటు, ఉబ్బసం, పక్క తడపడం, అన్నిటికీ మూలం వెన్నులోనే అని. ఈ వైద్యం పుట్టుక కథే అలాంటిది. 1895లో అమెరికాలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన హార్వీ లిల్లార్డ్ అనే పనివాడి వీపు మీద ఒక పూస సర్దితే చెవుడు తగ్గిందని మొదలైంది. అప్పటి నుంచి వెన్ను సర్దితే ఒంట్లో అన్నీ సర్దుకుంటాయనేవాళ్లు ఒక జట్టు, మేం నడుమూ మెడా నొప్పులే చూస్తాం అనేవాళ్లు ఇంకో జట్టు. బ్రిటన్‌లో సైమన్ సింగ్ అనే రచయిత 2008లో, పిల్లల జబ్బులకి ఇది పనిచేస్తుందనడానికి రుజువేదీ అని రాస్తే, కైరోప్రాక్టర్ల సంఘం పరువునష్టం దావా వేసి, 2010లో తానే వెనక్కి తీసుకుంది. ఆస్ట్రేలియాలో రెండు వారాల పసికందుకి చికిత్స చేస్తున్న వీడియో బయటికి వచ్చి గగ్గోలు రేగాక, 2019లో అక్కడి కైరోప్రాక్టిక్ బోర్డే రెండేళ్లలోపు పిల్లల వెన్ను సర్దొద్దని తాత్కాలికంగా కట్టడి పెట్టింది. చెవిపోటుకి చెవి డాక్టరు ఉన్నారు. పసిపిల్లని మాత్రం నేనైతే ఎంత మృదువుగా నొక్కుతామన్నా బల్ల ఎక్కించను.

రెండో కైరోప్రాక్టర్ దగ్గరా లోటుపాట్లు లేకపోలేదు. బడి అయ్యాక దొరికే వేళ ఎప్పుడూ నిండిపోయి ఉంటుంది, గంటసేపు కూర్చోబెట్టిన రోజులున్నాయి. నొప్పి పూర్తిగా పోయాక కూడా "నెలకోసారి వచ్చి చూపించుకుంటే మంచిది" అన్నారు. ఎందుకు మంచిదని అడిగితే గట్టి జవాబు రాలేదు, మానేశాం. ఆయనేమీ నొచ్చుకోలేదు. నొప్పి వస్తే ఫోన్ చెయ్యమన్నారు, అంతే.

నన్ను అడిగితే, ఎదిగే పిల్లల మెడనొప్పికీ వీపునొప్పికీ ముందు డాక్టరు, తర్వాత ఫిజియోథెరపీ. ఆపైన ఇలాంటి మనిషి దొరికితే నాలుగైదు సిట్టింగులు తోడుగా పెట్టుకోవచ్చు. మొదటి రోజే ఎక్స్‌రే, ప్యాకేజీ అంటే లేచి వచ్చెయ్యండి. వెళ్లేముందు ఒక ప్రశ్న అడగండి: ఎలాంటి పిల్లల్ని మీరు ముట్టుకోరు, ఎవరి దగ్గరికి పంపుతారు? మొదటి క్లినిక్కులో ఇదే అడిగి ఉంటే అక్కడివాళ్లు ఏమనేవాళ్లో నాకు తెలుసు, "మా దగ్గర అందరికీ తగ్గుతుందండీ" అనేవాళ్లు.

చివరిసారి వెళ్లి నాలుగు నెలలైంది. ఎలాస్టిక్ బ్యాండు ఇంకా తలుపు గొళ్లేనికే వేలాడుతోంది, ఆ తలుపు సరిగ్గా పడక రోజూ విసుక్కుంటున్నాం. అబ్బాయి మళ్లీ బౌలింగ్ వేస్తున్నాడు. వేసిన బంతుల లెక్క ఇప్పుడు నా నోటుపుస్తకం వెనక పేజీల్లో వాడే రాసుకుంటున్నాడు, రోజుకి ఒకటో రెండో తక్కువ వేసి రాస్తున్నాడని నా అనుమానం.