నోటరీ కాగితంతో విడాకులు రావు: 60 వేలు పోగొట్టుకున్నాక రాస్తున్నాను

“45 రోజుల్లో విడాకులు, కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు, మొత్తం ఖర్చు 60 వేలు” అన్న ప్రకటన చూసి నిరుడు హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టాను. అప్పటికి నేనూ నా భర్తా రెండేళ్లుగా విడిగా ఉంటున్నాం, విడిపోవడానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు, ఇరువైపుల పెద్దలూ పంచాయితీలు చేసి చేసి అలిసిపోయారు. ఇటువంటి స్థితిలో ఉన్నవాళ్లే వీళ్లకు సులువుగా దొరుకుతారు.

ఆరు వారాల తరువాత మా చేతికి వచ్చింది ఒక 100 రూపాయల స్టాంపు పేపరు, దానికి జతచేసిన రెండు తెల్లకాగితాలు. పైన ‘విడాకుల ఒప్పంద పత్రము’ అని పెద్ద అక్షరాలు, ప్రతి పేజీ అడుగున మా సంతకాలు, సాక్షులుగా మా పెదనాన్న, అవతలివైపు మేనమామ, చివర నోటరీ గుండ్రటి ముద్ర. మా ఊరి పేరు రెండుచోట్ల రెండు రకాలుగా పడింది. “ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులు లేవు” అన్న వాక్యం విని మా అమ్మ కళ్లు తుడుచుకుని, పీడ వదిలిందని దేవుడి దగ్గర దీపం పెట్టింది.

అవి విడాకులు కావని మాకు మొదట తెలిసింది బ్యాంకులో. ఇద్దరి పేర్ల మీదా ఉన్న ఫ్లాటు లోను నుంచి నా పేరు తీయించుకుందామని వెళితే, మేనేజరుగారు ఆ కాగితాన్ని తిరగేసి కూడా చూడకుండా “కోర్టు డిక్రీ ఏదమ్మా?” అని అడిగారు. డిక్రీ తెచ్చినా, అవతలి వ్యక్తి ఒక్కరి ఆదాయం మీద రుణం కొనసాగించడానికి బ్యాంకు ఒప్పుకుంటే తప్ప నా బాధ్యత తీరదని కూడా ఆయనే చెప్పారు. పత్రంలో “లోను భర్తయే చెల్లించుకొనును” అన్న వరుస మా ఇద్దరి మధ్య మాటే కాని, బ్యాంకుకు దానితో సంబంధం లేదు.

హిందూ వివాహ చట్టం (1955) 13బి సెక్షను ప్రకారం, కనీసం ఏడాది విడిగా ఉన్న దంపతులు కలిసి కోర్టులో పిటిషను వేసి, ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా మళ్లీ హాజరై తమ నిర్ణయం మారలేదని చెప్పాలి. తగిన సందర్భాల్లో ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చునని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది నిజమే. కాని మినహాయించేది న్యాయమూర్తి, అందుకు ముందు పిటిషనంటూ ఉండాలి. పెద్దల సమక్షంలో విడిపోయే కులాచారాన్ని 29వ సెక్షను కాపాడుతుంది గాని, ఆ ఆచారం ఉన్నట్టు రుజువు చేయాలి. మాలో లేదు, కన్సల్టెన్సీవాళ్లు అడగనూ లేదు. ఈ కాగితం నమ్మి నా భర్త మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే అది చెల్లకపోవడమే కాక నేరమయ్యేది. వాళ్లింట్లో అప్పటికే సంబంధాలు చూస్తున్నారు.

డబ్బు విషయంలో తప్పు నాది కూడా. నాకు భరణంగా ఒప్పుకున్న 8 లక్షల్లో 3 లక్షలు ముట్టాయి, మిగిలిన 5 లక్షలకు రాబోయే తేదీ వేసిన చెక్కు ఇచ్చారు. “మొత్తం ముట్టినది, భవిష్యత్తులో భరణం కోరను” అన్నచోట సంతకం మాత్రం ఆ రోజే పెట్టేశాను. “అంతా అయ్యాక వేసుకోండి మేడం” అని ఏజెంటు ఆపుతూ వచ్చాడు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది, నేను బ్యాంకుకు పట్టుకెళ్లేసరికి గడువు దాటి 11 రోజులైంది. నాలుగేళ్ల పాప గురించి ఆ పత్రంలో ఉన్నది ఒకే మాట: “పాప తల్లి వద్ద ఉండును.” స్కూలు ఫీజు ఎవరిదో, నాయనమ్మ దగ్గరికి ఎప్పుడు పంపాలో లేదు. మనుమరాలిని ఆవిడకు దూరం చేయాలని నాకు ఏ కోశానా లేదు, అయినా ప్రతి ఆదివారం వాదనే.

నేను కట్టిన 60 వేలు తిరిగి ఇమ్మని కన్సల్టెన్సీకి వెళితే రసీదు చూపించారు. దాని మీద “డాక్యుమెంటేషను చార్జీలు” అనే ఉంది. విడాకులు ఇప్పిస్తామని మేమెక్కడ రాశాం అని నన్నే అడిగారు. అడ్వకేట్లు ప్రకటనలతో కేసులు పట్టడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పవన్న సంగతి తెలిసి ఉంటే ఆ ప్రకటన దగ్గరే అనుమానించేదాన్ని. మీతో ఎవరైనా ఇలా బేరం మాట్లాడితే పిటిషను వేసే అడ్వకేటు ఎవరో, ఏ కోర్టులో వేస్తారో అడగండి. వేశామంటే ఎఫ్‌సీఓపీ నంబరు (ఫ్యామిలీ కోర్టులో పిటిషనుకు పడే నంబరు), ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోండి. అందులో కనిపించేదాకా బాకీ డబ్బు ఇవ్వకండి.

ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉందని తరువాత తెలిసి, న్యాయసహాయ హెల్ప్‌లైను 15100కు ఫోను చేసి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఒక వకీలును పెట్టుకున్నాను. ఫ్యామిలీ కోర్టులో మొదటి హాజరు అయింది. ఈసారి షరతుల్లో పాపను ఆదివారం సాయంత్రం 6 గంటలకల్లా దింపాలని కూడా రాయించాను. 5 లక్షలూ రెండో హాజరు రోజున న్యాయమూర్తి ఎదుట డీడీ రూపంలో ఇవ్వాలి.